కంప్యూటరును కొనవలెనా, కూర్చవలెనా?

మన పాఠశాల పూర్వవిద్యార్థులు కొందఱు కంప్యూటరు గదికై కొంత ద్రవ్యమును సమకూర్చి యిచ్చుటకు ముందునకు వచ్చినారు. వారి ఔదార్యమునకు మేము కృతజ్ఞులము. అయితే ఆ ద్రవ్యమును ఎట్లు వ్యయపఱుపవలె నను విషయమున మనలో మూడు పక్షము లేర్పడినవి. లాప్‌టాపులు కొని బల్లలపై నుంచిన చాలునని ఒక పక్షము. త్వరలో క్రొత్త ప్రాసెసరులు రానున్నవి గనుక అంతవఱకు సొమ్మును బ్యాంకులో నుంచుట మేలని ఇంకొక పక్షము. భాగములను వేఱువేఱుగ తెప్పించి, విద్యార్థుల చేతనే యంత్రములను కూర్పింపవలె నని మూడవ పక్షము. మేము మూడవ పక్షమువారము. అందులకు మాకు తోచిన కారణములను ఈ సంచికలో విన్నవించుకొనుచున్నాము. తక్కిన రెండు పక్షములవారును మా మిత్రులే గనుక వారి వాదములలోని బలమును దాచము.

మొదట గది స్థితిని చెప్పవలెను. అందు 12 యంత్రములు గలవు. అన్నియు ఇంటెల్ వారి నాలుగవ తరపు ప్రాసెసరులతో, అనగా 2013వ సంవత్సరమున వెలువడిన రకముతో, నడచునవి. ఒక్కొక్కదానికి 4 జీబీల ర్యామును, లోపల పళ్లెము తిరుగు పాతరకపు హార్డు డిస్కును కలవు. బొత్తాము నొక్కిన తరువాత హాజరుపట్టీ చదువుట ముగియునప్పటికి గాని తెరపై బొమ్మ నిలువదు. ఇది చాలదన్నట్లు 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు వారు విండోస్ 10కి సాధారణ సంరక్షణను నిలిపివేసిరి. విండోస్ 11 నడచుటకు టీపీఎమ్ 2.0 అను రక్షణభాగమును, ఇంటెల్ రకమైనచో ఎనిమిదవ తరమునకు తక్కువ కాని ప్రాసెసరును ఉండవలె నని వారి నియమము. మన యంత్రములకు ఆ రెండును లేవు.

సరిగా ఆ దినముననే, అనగా 2025 అక్టోబరు 14వ తేదీననే, ఢిల్లీలో ఇంకొక ప్రకటన వెలువడినది. గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున కృత్రిమ మేధకై గొప్ప డేటా కేంద్రమును నెలకొల్పుదు మనియు, అయిదేండ్లలో 1,500 కోట్ల డాలరులు వెచ్చింతు మనియు, అమెరికా వెలుపల తమకు ఇంతటిది వేఱొకటి యుండబోదనియు చెప్పిరి. మరునాడు పత్రికను చేతబట్టుకొని మన విద్యార్థులు గదిలోనికి వచ్చి, ఆ వార్తను చదువుకొనుచు, తెర వెలుగుటకై ఎదురుచూచుచు కూర్చుండిరి. మేము దీనిని పరిహాసమునకు చెప్పుట లేదు. ఈ రెండింటికి నడుమ సంబంధము కలదు. అది మన సంచిలోని రూకలను తాకు సంబంధము.

ఎట్లనగా, కృత్రిమ మేధను నడపు యంత్రములకు హెచ్‌బీఎమ్ అను ఒక జాతి ర్యాము కావలెను. అది చిప్పులను అంతస్తులుగా పేర్చి చేయబడునది. లెక్కకు అంతే సమాచారమును దాచుటకైనను, మన మేజాబల్ల యంత్రములలోని డీడీఆర్5 ర్యాముకంటె దానికి దాదాపు మూడింతల సిలికాను పలక ఖర్చగును. ప్రపంచమున ఈ చిప్పులను చేయు పెద్ద సంస్థలు మూడే: శాంసంగు, ఎస్‌కే హైనిక్సు, మైక్రాన్. వారికి ఎచ్చట లాభము హెచ్చో అచ్చటికే పలకలు పోవును. 2025 అక్టోబరు 1వ తేదీన ఓపెన్ఏఐ సంస్థ తమ కేంద్రములకై నెలకు 9 లక్షల సిలికాను పలకలవఱకు కావలెనని శాంసంగు, హైనిక్సు వారితో ఒడంబడిక చేసికొన్నది. డిసెంబరు 3వ తేదీన మైక్రాన్ వారు, సామాన్యులకు ర్యామును అమ్ము తమ 'క్రూషియల్' వ్యాపారమును మూసివేయుచున్నా మని ప్రకటించిరి. ఆ పేరుగల ర్యాము కడ్డీలు మన గదిలోనే రెండు కలవు. ఆ యేడు సెప్టెంబరునకును డిసెంబరునకును నడుమ డీడీఆర్5 ర్యాము వెల రెండింతలకు మించిపోయినది. డీడీఆర్4 ర్యామును ఎస్ఎస్‌డీలును దాని వెంటనే పోయినవి. పొరుగున గొప్పవారి పెండ్లి జరుగునప్పుడు సంతలో వంకాయల వెల పెరిగినట్లు, మనకు వచ్చుచున్న ఐశ్వర్యమువంటిదే మన చేతి వస్తువును ప్రియము చేసినది.

కావున భాగములు తెచ్చి కూర్చుట చౌక యని మేము చెప్పజాలము. పదేండ్ల క్రిందట ఆ మాట నిజము. ద్వారకానగరు దుకాణములలో బేరమాడి భాగములు తెచ్చుకొన్నవాడు, కట్టివేసిన యంత్రమును కొన్నవానికంటె కొంత సొమ్ము మిగుల్చుకొనెడివాడు. ఇప్పుడు పెద్ద సంస్థలు ముందే నిలువచేసికొన్న ర్యాముతో యంత్రములను అమ్ముచుండుటచే, కొన్ని వేళల కట్టివచ్చినదే చౌకగ దొరకుచున్నది. లాప్‌టాపు పక్షమువారు ఈ లెక్కను మా ముందు పెట్టినారు. ఆ లెక్క సరియైనదే.

ఇక ఆగుడనువారి మాట. వారు చెప్పు వార్తలును నిజములే. ఇంటెల్ వారు నోవా లేక్ అను ప్రాసెసరులను 2026 సంవత్సరాంతమునకు తెత్తుమని ప్రకటించిరి. ఏఎమ్‌డీ వారు 2025 నవంబరులో తమ జెన్ 6 అను రాబోవు కూర్పును గూర్చి చెప్పిరి. అవి వచ్చిన పిదప ఇంకొకటి వచ్చుచున్నదని వార్త పుట్టును. దువ్వాడవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. విశాఖపట్టణములో ఇంజను త్రిప్పవలసివచ్చునని ఎన్నియో దూరపు రైళ్లు ఊరిలోనికి పోక మన స్టేషను మీదుగానే సాగిపోవును. వెనుక బండి ఖాళీగ వచ్చునని ప్లాట్‌ఫారముపై నిలుచున్నవారిని మనము చిన్ననాటినుండి చూచుచున్నాము. వెనుక బండియు నిండియే వచ్చును. పైగా ర్యాము వెల తగ్గువఱకు ఆగుట యనగా, ఆ చిప్పులు చేయు క్రొత్త కర్మాగారములు లేచువఱకు ఆగుట. అట్టి కర్మాగారము ఒకటి లేచుటకు ఏండ్లు పట్టును. అప్పటికి ఇప్పటి తొమ్మిదవ తరగతివారు కాలేజీ విడిచియుందురు.

అయినను ఈ వార్తలనుండి గ్రహింపవలసిన దొకటి గలదు. ప్రాసెసరును మదర్‌బోర్డుపై నిలుపు సాకెట్టు ఎన్నాళ్లు మారకుండునో చూచి కొనవలెను. ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 సాకెట్టుగల బోర్డును 2017లో కొన్నవారు, 2022లో వచ్చిన ప్రాసెసరును సైతము దానిపై అమర్చుకొనగలిగిరి. బోర్డులోని బయాస్ అను ప్రారంభలిపిని మార్చుటయే వారు చేయవలసివచ్చినది. దాని తరువాతి ఏఎమ్5 సాకెట్టు 2022లో వచ్చినది. దానిని 2027వఱకును ఆపైనను ఉంతుమని ఆ సంస్థవారు మాట యిచ్చియున్నారు. ఇంటెల్ వారు 2021లో ఒక సాకెట్టును, 2024లో వేఱొకదానిని తెచ్చిరి. నోవా లేకునకు మరల మార్పు తప్పదని పత్రికలు వ్రాసినవి. ఇంటెల్ ప్రాసెసరులు చెడ్డవని మా భావము కాదు. బీదపాఠశాలకు మాత్రము బోర్డును ఉంచుకొని ప్రాసెసరును మార్చుకొను వీలు గొప్ప ఆస్తి. కావున మేము ఏఎమ్5 బోర్డునే కోరుదుము. ఇట్లు చేసినచో ఆగుట యవసరము లేదు. రాబోవునది వచ్చినప్పుడు, సొమ్మున్నచో, దానికి చోటు సిద్ధముగనే యుండును.

లాప్‌టాపులకు గల గుణములను మఱువరాదు. కరెంటు పోయినను అవి గంటలకొలది నడచును, తక్కువ కరెంటు తాగును, చోటు తక్కువ. అయితే ఇప్పటి పలుచని లాప్‌టాపులలో పెక్కింట ర్యామును బోర్డునకు టంకముపెట్టి అతికివేయుదురు. అది చెడినచో బోర్డు మొత్తము మార్చవలెను. చాలకపోయినను పెంచుటకు వీలు లేదు. ఈనాడు ర్యాము ప్రియమని 8 జీబీలతో కొన్న యంత్రము, రేపు ర్యాము చౌకయైనను 8 జీబీలతోనే ముసలిదగును. మేజాబల్ల యంత్రములో నట్లు కాదు. బోర్డుపై గాళ్లు నాలుగైన, ఒక్కదానిలో 16 జీబీల కడ్డీ నుంచి మూటిని ఖాళీగ విడువవచ్చును. కడ్డీలు జంటగ నున్నచో వేగము హెచ్చునని ఎఱిగినవారు ఆక్షేపింతురు, అది నిజమే. ఆ వేగమును రెండేండ్లు వాయిదా వేయుదము.

నిరుడు పరీక్షార్థమై మేము ఒక యంత్రమును విద్యార్థులచే కూర్పించితిమి. ఆ కథను దాపఱికము లేక చెప్పెదము, ఏలయన అందు మా తప్పులు కలవు. పట్టణములోని ఒక దుకాణదారుడు, క్యాబినెట్టు కొన్నవారికి విద్యుత్తు సరఫరాపెట్టెను, అనగా ఎస్ఎమ్‌పీఎస్‌ను, ఉచితముగ నిచ్చెద ననెను. 450 వాట్లని దానిపై అచ్చువేసియుండెను. చేతబట్టి చూడగా బెండువలె తేలికగ నుండెను. అప్పుడే సందేహింపవలసినది, ఉచితమను మాట మా నోరు కట్టినది. నెల తిరుగకమునుపే ఒక మధ్యాహ్నము కరెంటు పోయి వచ్చినంతలో అది టప్పున ప్రేలి గదియంతయు కాలిన వాసన నింపెను. బోర్డు దక్కుట మా యదృష్టము. నాటినుండి మా నియమ మేమనగా, సరఫరాపెట్టెను అన్నిటికంటె ముందు ఎన్నుకొనవలెను. 80 ప్లస్ గుర్తింపు గలదై, తయారుచేసినవారి పూచీ వ్రాతమూలముగ నున్నదై యుండవలెను. దానిపై మిగుల్చు రూకలు మిగుల్పులు కావు.

రెండవ తప్పు మఱింత చిన్నది, మఱింత నవ్వు పుట్టించునది. యంత్రము కూర్చుట ముగిసినది. తెర వెలిగినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మూడు నిమిషములకు ఆరిపోయినది. మరల వెలిగించిరి, మరల ఆరిపోయినది. మేము ర్యామును తీసి పెట్టితిమి; తీగలన్నిటిని ఊడదీసి తగిలించితిమి; బోర్డే చెడ్డదని నిశ్చయించుకొని దుకాణమునకు తిరిగి పంపుటకు అట్టపెట్టెను వెదకుచుండగా, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "అయ్యా, ప్రాసెసరు చల్లబఱచు దిమ్మె అడుగున పలుచని కాగితము అంటియున్నట్లు విడియోలో చూచితిని; మనము దానిని తీసితిమా?" అని అడిగెను. తీయలేదు. దిమ్మెకును ప్రాసెసరునకును నడుమ ఆ ప్లాస్టిక్కు కాగితము అట్లే యున్నది. వేడి పైకి పోవుటకు దారి లేక, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై యంత్రమును ఆపివేయుచున్నది. కాగితమును ఊడ్చి, వేడిని ప్రసరింపజేయు లేపనమును పెసరగింజయంత పెట్టి దిమ్మెను బిగించితిమి. ఆ యంత్రము నేటికిని నడచుచున్నది. వేడి, చల్లదనము, వాహకము అను పాఠమును ఆ తరగతికి మరల చెప్పవలసిన పని మా భౌతికశాస్త్రపు ఉపాధ్యాయునకు లేకపోయినది. ఈ పని మగపిల్లలదని తలచెడివా రెవరైన నున్నచో, వారు ఆ మధ్యాహ్నము మా గదిలో నుండవలసినది.

పుస్తకములలోను విడియోలలోను చూపు యంత్రములు చలిదేశపువి. గాజు గోడలు, రంగురంగుల దీపములు, నీటితో చల్లబఱచు గొట్టములు వానికి శోభ. మన గాలి వేఱు. ఇటు సముద్రపు ఉప్పుతేమ, అటు రోడ్లపైని లారీల దుమ్ము, బొగ్గుపొడి. మన పాత యంత్రములలో నొకదానిని మూడేండ్ల తరువాత తెఱువగా ఫ్యాను రెక్కలపై నల్లని దుమ్ము దుప్పటివలె పఱచుకొనియుండెను; ర్యాము కాళ్లపై ఆకుపచ్చని మకిలి పట్టియుండెను. రబ్బరుతో ఆ కాళ్లను తుడిచి పెట్టగానే చచ్చినదనుకొన్న యంత్రము లేచినది. కావున దువ్వాడలో కూర్చు యంత్రమునకు ముందువైపున ఊడదీసి కడుగుటకు వీలైన దుమ్ముజల్లెడ యుండవలెను. గాలిని లోనికి తోయు ఫ్యానులు, వెలికి తోయువానికంటె ఎక్కువ యుండవలెను. అప్పుడు గాలి జల్లెడ దారిననే వచ్చును గాని సందులనుండి దుమ్మును ఈడ్చుకొని రాదు. వేఱుగ గ్రాఫిక్సు కార్డు మనకు అక్కఱలేదు. ప్రాసెసరులోనే ఆ భాగము గల రకములు దొరకుచున్నవి, అవి 65 వాట్ల శ్రేణిలోనే పని నెఱవేర్చును. గాజు గోడకు, దీపములకు ఇచ్చు రూకలను యూపీఎస్ బ్యాటరీకి ఇచ్చుట మేలు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను పడిన పిదప ఈ పట్టణము ఎన్ని దినములు చీకటిలో నుండెనో పెద్దలకు జ్ఞాపకమున్నది.

ఇక పాత 12 యంత్రములను ఏమి చేయవలెను? తుక్కువానికి వేయవలదని మా ప్రార్థన. ప్రాసెసరు బలహీనము కాదు. హార్డు డిస్కే వానిని పట్టి వెనుకకు లాగుచున్నది. దాని స్థానమున చిన్న ఎస్ఎస్‌డీని పెట్టి, ర్యామును 8 జీబీలకు పెంచి, విండోసునకు బదులు లినక్సును నెలకొల్పినచో, వ్రాతపనికి, లెక్కలపట్టీలకు, పైథాను భాషలో ప్రోగ్రాములు వ్రాయుటకు ఇంకను కొన్నేండ్లు చక్కగ పనికివచ్చును. వానికి కావలసినది డీడీఆర్3 అను పాత ర్యాము. విప్పివేసిన యంత్రములనుండి అది వాడినదైనను దొరకును. లినక్సు తెలుగులోను కనబడును. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంఘమువారు దానిని తెనిగించుటకై చాలకాలముగ శ్రమించినారు. తెరపై తెలుగు అక్షరములు చూచినప్పుడు ఆరవ తరగతి పిల్లలు ఎంత ధైర్యముగ మౌసును పట్టుకొందురో మేము చూచినాము.

తలిదండ్రులలో కొందఱు, "మా పిల్లలు మరలు బిగించుట నేర్చుకొని మెకానిక్కులు కావలెనా? ప్రోగ్రాములు నేర్పింపుడు, చాలును" అని మాతో ననిరి. ఈ మాట మాకు కొంత బాధ కలిగించినది. అన్నవారిలో ఉక్కు కర్మాగారమున పని చేయువారును కలరు. అచ్చటి కొలిమి లోపలి ఇటుకపూత అరిగిపోయినచో, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముద్దుగ పేర్లు పెట్టుకొన్న ఆ కొలుములను పాఱవేయుదురా? చల్లార్చి, పూత మార్చి, మరల వెలిగింతురు. లోపల ఏమున్నదో ఎఱిగినవాడే ఆ పని చేయగలడు. ఈ దేశమున ఎలెక్ట్రానిక్సునకు పునాది వేసినవారును అట్టివారే. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థను తీర్చిదిద్దిరి. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరు ఆ సంస్థ ద్వారా వినియోగమునకు వచ్చినది. పెట్టెను తెఱవక ఆ పని కాలేదు.

డేటా కేంద్రములు ఇచ్చటికి వచ్చినప్పుడు మన పిల్లలకు ఉద్యోగములు వచ్చునని అందఱును చెప్పుచున్నారు. ఎన్ని వచ్చునో మేము చెప్పము. కట్టడము ముగిసిన పిదప అట్టి కేంద్రములను నడుపుటకు కావలసిన మనుష్యులు, వాని పరిమాణమును చూచి మన మూహించునంత మంది కారు. ఆ కొలదిమంది చేయవలసినది మాత్రము ఇదియే: చెడిన కడ్డీని గుర్తించుట, తీయుట, క్రొత్తది పెట్టుట, వేడిని కనిపెట్టుట, సరఫరాను కాపాడుట. దానికి మొదటి పాఠము నాలుగు గాళ్ల బోర్డుమీదనే చెప్పవచ్చును.

మా ప్రతిపాదన యిది. వచ్చిన ద్రవ్యములో నాలుగు క్రొత్త యంత్రములకు భాగములు తెప్పింపవలెను. పాతవానిలో ఎనిమిదింటిని పైన చెప్పినట్లు బాగుచేయవలెను. మిగిలిన నాలుగింటిని విప్పుటకు, కూర్చుటకు, చెడగొట్టుటకు సైతము పిల్లలకు విడిచిపెట్టవలెను. చెడినను నష్టము లేని యంత్రము గదిలో ఒకటైన లేనిచో ఎవరును చేయి పెట్టరు. ఏ భాగము ఎప్పుడు, ఎంతకు కొంటిమో, పూచీ ఎన్నాళ్లో ఒక పుస్తకమున వ్రాసి గదిలోనే వ్రేలాడగట్టవలెను. నిధి యిచ్చినవారు ఎప్పుడు వచ్చినను ఆ పుస్తకమును చూడవచ్చును.

కమిటీవారు సమ్మతించినచో శనివారము మధ్యాహ్నములందు పని మొదలగును. చేరగోరువారు తమ పేర్లను గది తలుపునకు అంటించిన కాగితముపై వ్రాయవచ్చును. ఇప్పటికి 23 పేర్లున్నవి. అయస్కాంతపు మొనగల స్క్రూడ్రైవరులు మాత్రము ఆరే యున్నవి. అందు రెంటికి మొన అరిగినది. పూర్వవిద్యార్థులు ద్రవ్యముతో పాటు వీనిని కూడ కొన్ని పంపినచో మిక్కిలి యుపకారముగ నుండును.